నాన్న చెప్పిన ఆఖరి రీలు

ఆదివారం మధ్యాహ్నం మూడు గంటలకు ఆ ఇంట్లో సినిమా పడాలి. ముందు హాల్లో, తరవాత ఇంట్లో, నలభై ఏళ్ళుగా అదే పద్ధతి. సినిమా వేసే మనిషి పోయి రెండు నెలలయింది గాని పద్ధతి మాత్రం పోలేదు.

"మూడయిందా?" అంది మేనత్త. రెండుంబావు నుంచి ఇది నాలుగోసారి.

"ఇంకా పది నిమిషాలుంది అత్తా."

"మీ నాన్న అయితే ఈపాటికి తెర తుడిచేసేవాడు."

"తెర కాదు, టీవీ."

"ఏదైతేనేం. దుమ్ము దేనిమీద పడ్డా దుమ్మేగా."

పంతులమ్మ లేచి టీవీ తుడిచింది. ఆరేళ్ళప్పుడు ఇంటికొచ్చిన చుట్టాల మాటల్లో తప్పులు దిద్దినందుకు నాన్న పెట్టిన పేరు అది. పెద్దయ్యాక ఎనిమిదో తరగతికి సైన్సు చెప్పే ఉద్యోగం రావడంతో ఆ పేరు ఇక ఊడిరాలేదు. అసలు పేరు స్కూలు రిజిస్టర్లో ఉంది, అంతే. కుండబద్దలు కొట్టినట్టు మాట్లాడుతుందని తోటి టీచర్లు కొందరు మెచ్చుకుంటారు, కొందరు తప్పుకు తిరుగుతారు.

మేనత్తకు పందొమ్మిదో ఏట పెద్ద జ్వరం వచ్చి రెండు కళ్ళూ పోయాయి. అంతకుముందు చూసిన రంగులు, ముఖాలు ఆమెకు ఇప్పటికీ గుర్తే. అందుకే ఆమె లోకంలో తమ్ముడి ముఖం పదిహేనేళ్ళ దగ్గరే ఆగిపోయింది. పెళ్ళి చేసుకోలేదు. పేము కుర్చీలు అల్లడం నేర్చుకుని, డెబ్భై మూడేళ్ళు వచ్చినా అదే పని చేస్తోంది. నీళ్ళలో నానేసిన పేము బద్దని వేళ్ళ మధ్య ఒక్కసారి లాగి, ఇంకెంత సేపు నానాలో చెప్పేస్తుంది.

తమ్ముడు సినిమా హాల్లో ఆపరేటరు. కొత్త బొమ్మలు దొరకని ఆ హాలుకి ఆదివారం మ్యాట్నీలో పాత హాలీవుడ్ బొమ్మలే దిక్కు. అక్క ఇంట్లో ఒక్కతే కూర్చుని ఉంటుందని క్యాబిన్‌కి వెంటబెట్టుకుపోయి, ప్రొజెక్టరు పక్కన స్టూలేసి కూర్చోబెట్టేవాడు. యంత్రం రొదలో తెరమీది మాట ఒక్కటీ వినపడేది కాదు. వినపడ్డా ఆమెకు ఇంగ్లీషు రాదు. చిన్న కన్నంలోంచి తెరవైపు చూస్తూ, ఆమె ఎడమ చెవి దగ్గర నోరు పెట్టి, అతను సినిమా అంతా చెప్పేవాడు. హాలు మూతపడ్డాక ఆ బొమ్మలన్నీ ఒక్కొక్కటే డిస్కులు సంపాదించి, ఈ ముందుగదిలో మళ్ళీ మొదలుపెట్టాడు. ఇక్కడ రొద లేకపోయినా ఆ అలవాటు పోలేదు. చెవిలోనే, గుసగుసగానే చెప్పేవాడు. ఆదివారాలు వచ్చి పక్కగదిలో పరీక్ష పేపర్లు దిద్దుకునే కూతురికి కూడా ఒక్క ముక్క వినపడేది కాదు. ఆమె విందామనుకోనూ లేదు. నలుపూ తెలుపూ బొమ్మలంటే ఆమెకు నిద్రొచ్చేది.

ఇప్పుడు చెప్పే పని ఆమె మీద పడింది. నాన్న పోయాక అత్తకు తోడుగా ఆమె ఈ ఇంటికి మకాం మార్చిన మొదటి ఆదివారమే, మేనత్త పేము బద్ద చేతిలో పట్టుకుని, తల ఎడమవైపు వాల్చి కూర్చుంది. చెప్పకపోతే ఆ తల అలాగే ఉండిపోయేట్టుంది.

మొదట పెట్టిన బొమ్మలో ఒక పత్రికాఫీసు.

"హీరో వచ్చాడు. టోపీ తీసి కొక్కేనికి విసిరాడు. ఆమె టైపు కొట్టుకుంటోంది. ఆ కాగితం లాగేసుకున్నాడు. అడక్కుండానే ముద్దు పెట్టేశాడు. మా స్కూల్లో అయితే వీణ్ణి హెడ్మాస్టరు గదికి పంపేదాన్ని."

"ఆవిడేం చేసింది?"

"ఒకటి పీకింది. మళ్ళీ తనే మెడచుట్టూ చేతులేసింది. ఆ కొట్టడం ఎందుకు, ఈ కౌగిలించుకోవడం ఎందుకు? ఇంత తెలివైన మనిషి, ఆఖర్న ఉద్యోగం మానేసి వాడి చొక్కాలకి గుండీలు కుడుతుందట. అది సంతోషమట!"

"అమ్మడూ, నువ్వు సినిమా చెబుతున్నావా, ఛార్జిషీటు చదువుతున్నావా?"

తరవాతి వారం బొమ్మలో ఒక ఆస్పత్రి. "రోగికి ఊపిరాడ్డం లేదు. డాక్టరు మంచం పక్కనే కూర్చుని దర్జాగా సిగరెట్టు కాలుస్తున్నాడు. చూశావా వీళ్ళ వరస!"

"పొగ ఎలా ఉంది?"

"పొగలాగే ఉంది."

"మీ నాన్న అయితే అది ఎటు పోయిందో చెప్పేవాడు."

పంతులమ్మ వెనక్కి తిప్పి మళ్ళీ చూసింది. కిటికీ చెక్కల సందుల్లోంచి వెలుగు చారలు చారలుగా పడుతోంది. పొగ ఒక్కో చారలోకి వచ్చినప్పుడు తెల్లగా కనబడి, దాటగానే మాయమై, పై చారలో మళ్ళీ పుడుతోంది. అదంతా చెప్పింది. మేనత్త చేతులు ఆగాయి. "ఆఁ, అదీ. అలా చెప్పు," అంది.

ఆ రోజు నుంచి పంతులమ్మ చూడ్డం నేర్చుకుంది. తిట్టడం మానలేదు. ఆడవాళ్ళు ఏడుస్తున్నా కాటుక చెదరదేమని, పనివాళ్ళు ఎప్పుడూ నవ్వించడానికేనా ఉన్నదని, పేదవాళ్ళ ఇంట్లో అంత పెద్ద మెట్లేమిటని తగువులాడుతూనే ఉంది. కాని ఒక సంగతి ఒప్పుకుంది. ఇప్పటి సినిమాల్లో ఏ ముఖాన్నీ మూడు సెకన్లు నిలవనివ్వరు. వీళ్ళు అలా కాదు. జబ్బు మనిషి పక్కన కూర్చున్నట్టు ఒక ముఖం దగ్గర కూర్చుంటారు. తొందరపెట్టరు.

ఇలా ఉన్నది ఉన్నట్టు చెప్పే మనిషి మనసులో ఒక అబద్ధం ఉంది.

నాన్న నిద్రలో పోలేదు. ఆస్పత్రి వార్డులో పక్కన ఒక్కరినే ఉండనిచ్చారు కాబట్టి చూసింది తనొక్కతే. ఆయనే ఊపిరి కూడగట్టుకుని, మాట మాటకీ ఆగుతూ, "అక్కతో... నిద్రలో పోయాడని... చెప్పు" అన్నాడు. ఆమె తలూపింది. ఇంటికొచ్చి అలాగే చెప్పింది. "నిద్రలోనా? అదృష్టవంతుడు," అంది మేనత్త. ఒక్క కన్నీటి చుక్క రాలలేదు. మర్నాడే పేము నానేసింది. ఎంత నిబ్బరం గల మనిషో అన్నారు చూడొచ్చినవాళ్ళు. పంతులమ్మకు మాత్రం ఆ నిబ్బరం తను చెప్పిన ఒక్క మాట మీద నిలబడి ఉందని తెలుసు. ఆ మాట కూలితే మనిషి ఏమవుతుందో తెలియదు. ఆమెకు మిగిలిన కళ్ళు ఇప్పుడు తనవే. ఆ కళ్ళే అబద్ధమాడాయని తెలిస్తే, ఇక ఎవరి మాట నమ్మి బతకాలి?

ఆ శనివారం అల్లిన కుర్చీలు తీసుకుపోవడానికి షాపాయన వచ్చాడు. మేనత్త ఈడువాడే. ఆ పాత హాల్లో బొమ్మలన్నీ చూసినవాడు.

"రేపేం బొమ్మమ్మా?"

"పియానో ఆవిడ."

నాన్నకు ఇంగ్లీషు చదవడం రాదు. అందుకని డిస్కుల మీద తనే పేర్లు రాసుకున్నాడు: పియానో ఆవిడ, రైలు దొంగ, రెండు టోపీలాయన. పియానో ఆవిడ మేనత్తకు ప్రాణం.

"అబ్బో, ఏడుపుగొట్టు బొమ్మ. ఓడ మునిగి మొగుడు పోతాడు కదమ్మా పాపం."

"పోవడమేంటయ్యా, నీ నోట్లో దుమ్ము పడా! తిరిగొస్తాడు."

"నేను చూశానమ్మా. మీ తమ్ముడు వేస్తేనే చూశాను."

"చూశావులే. ఆఖరి బస్సు పోతుందని ఆఖరి రీలుకి ముందే లేచి చక్కాపోయుంటావు. సగం చూసి అంతా చూశానంటే ఎలా? కుర్చీలూ ఇలాగే కొంటావు, నాలుగో కాలు ఉందో లేదో చూడకుండా."

"మీరు పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. నేనేం చేసేది?" అని నవ్వుకుంటూ, నాలుగు కుర్చీలు ఒకదాంట్లో ఒకటి పేర్చి మోసుకుపోయాడు.

లోపల టీ పెడుతున్న పంతులమ్మ కూడా నవ్వుకుంది. వందసార్లు వేసిన నాన్న కంటే ఈయనకి ఎక్కువ తెలుసా అనుకుంది. ఆ బొమ్మ ఆమె ఎన్నడూ చూడలేదు.

ఆదివారం మూడు గంటలకు పియానో ఆవిడ మొదలైంది.

ఓ చిన్న రేవు. మేడ కింద ఒకావిడ పిల్లలకు పియానో నేర్పుతుంటుంది. పైవాటాలో ఓడలో వైర్‌లెస్ పని చేసే ఒకాయన దిగాడు. కిందనుంచి స్వరం తప్పు వినపడితే నేలమీద ఒకసారి తడతాడు. తడితే ఆవిడకు కోపం. కోపం పెళ్ళిదాకా వచ్చింది.

"ఇదెక్కడి మనిషి! తనకి పాఠం చెప్పేవాణ్ణి పెళ్ళి చేసుకుంటారా ఎవరైనా?" అంది పంతులమ్మ.

"నిన్ను చేసుకున్నాయన చేసుకోలేదూ! అందుకే పాపం దూరపు ఊళ్ళకే బదిలీలు అడుగుతాడు."

"అత్తా, సినిమా చెప్పాలా వద్దా?"

"చెప్పు తల్లీ, చెప్పు."

నగరంలో పెద్ద కచేరీకి పిలుపు వచ్చింది. అదే వారం ఆయన సెలవు మీద వస్తున్నాడని ఆవిడ కచేరీ వదులుకుంది. పంతులమ్మ దానికీ ఒక ఉపన్యాసం ఇచ్చింది. మేనత్త ఊఁ కొడుతూ, కుర్చీ వీపున ఆఖరి వరస అల్లుతోంది. బొమ్మ చివరికొస్తోందని వాద్యం తీరును బట్టి ఆమెకు తెలుసు. పెదాల మీద నవ్వు ముందే వచ్చి కూర్చుంది.

"ఒక చిన్నపిల్ల పాఠానికి కూర్చుంది. తలుపు తట్టారు. టెలిగ్రాం. ఆవిడ తీసుకుంది, విప్పలేదు. గౌను జేబులో పెట్టుకుంది. పిల్ల పక్కన కూర్చుంది. పాఠం చెబుతోంది. పిల్ల తప్పు వాయించింది. వేలు సరిచేసింది. అత్తా, ఈవిడ పాఠం మానలేదు. ముఖం చూడాలి నువ్వు. ఆ ముఖంలో ఏమీ లేదు. ఏమీ లేకుండా పట్టుకోవడం ఎంత కష్టమో కనబడుతోంది. పాఠం అయిపోయింది. పిల్లకి కోటు గుండీలు పెట్టి పంపింది. ఇప్పుడు టెలిగ్రాం విప్పింది."

"వస్తున్నానని," అంది మేనత్త.

పంతులమ్మ తెర చదువుతోంది. తన ధోరణిలో ఉంది. పరీక్ష పేపరు మీద తప్పు కనబడితే చెయ్యి దానంతటదే కదిలినట్టు, నోరు కదిలింది. "కాదత్తా. విచారంతో తెలియజేస్తున్నామని. ఓడ మునిగింది. ఆయన పోయాడు. ఆవిడ పియానో మూత మూసింది. చెయ్యి మూత మీదే ఉంచింది. కిటికీ వైపు చూస్తోంది. కెమెరా వెనక్కి వెళ్ళిపోతోంది. గది చిన్నదైపోయింది. అయిపోయింది."

వాద్యం ఆగింది. గదిలో టీవీ చిన్నగా గుయ్యిమంటోంది.

"అడుగులేవీ?" అంది మేనత్త.

"ఏ అడుగులు?"

"అదేనే, బూట్లు. గుమ్మం లోంచి వస్తాయిగా. ఎనిమిది అడుగులు. ఆవిడ వెనక్కి తిరగదు, చప్పుడు బట్టే మొగుడని పోల్చుకుంటుంది. అక్కడే కదా అయిపోయేది. సౌండు తగ్గించావేమో, మళ్ళీ పెట్టు."

పంతులమ్మ మళ్ళీ పెట్టింది. సౌండు పెంచింది. మూత మూసిన చప్పుడు గుమ్మం పక్కనున్న స్పీకరు డబ్బాలోంచి గట్టిగా వచ్చింది. ఆ తరవాత ఏమీ లేదు.

ఆ డబ్బా గుమ్మం పక్కన పెట్టింది నాన్నే. హాల్లో విన్నట్టుంటుందని. పంతులమ్మకు ఇప్పుడు ఒక్కొక్కటిగా అర్థమవుతోంది. ఆఖరి రీలు వచ్చేసరికి ఆయన అక్క పక్కనుంచి మెల్లగా లేచి, గుమ్మం దాకా వెళ్ళి, బూట్లు తొడుక్కుని, ఎనిమిది అడుగులు వేసి వచ్చేవాడు. ఇంట్లో బూట్లేమిటి నాన్నా అని తను ఒకసారి పేపర్లలోంచి తలెత్తకుండానే కసిరింది కూడా.

"క్యాబిన్లో ఉన్నప్పుడు వినపడేవి కావు," అంది మేనత్త మెల్లగా. "ఉన్నాయని వాడు చెబితే ఉన్నాయనుకునేదాన్ని. ఇంటికొచ్చాకే విన్నా. నిన్న ఆ షాపాయన్ని ఎన్ని మాటలన్నాను."

"అత్తా, నాన్న నీకోసమే..."

"ఎవరికోసమైతేనేం? ఒక్క దీంట్లోనేనా? రైలు దొంగ ఉరి తప్పించుకుంటాడా?"

పంతులమ్మ ఆ బొమ్మ కిందటి నెలే ఒంటరిగా ముందుగా చూసి పెట్టుకుంది. "లేదత్తా."

"రెండు టోపీలాయన కూతురు?"

"అది ఇంకా చూళ్ళేదు."

మేనత్త పేము బద్ద వదిలేసింది. అది కుర్చీ వీపునుంచి సగం ఊడి వేలాడుతోంది. "నేను ఏడుస్తానని కాబోలు. కొత్తగా కళ్ళు పోయిన రోజుల్లో దేనికైనా ఏడ్చేదాన్ని. వాడు అప్పుడు పట్టుకున్నాడు, ఇక వదల్లేదు."

పంతులమ్మకు నాన్న మీద కోపం వచ్చింది. ఆ కోపంలో తన బెదురు కూడా కలిసిందని ఆమెకు తెలుసు. "నా మాట అడిగితే అసలు ముగింపే బాగుంది. ఆ బొమ్మలో నాకు నచ్చింది అదొక్కటే. ఆవిడకి ఎవరూ దొంగ ఓదార్పు చెప్పలేదు. కెమెరా కూడా దగ్గరికి రాలేదు, వెనక్కి తప్పుకుని ఆవిణ్ణి ఏడవనిచ్చింది. తీసినవాళ్ళు అంత మర్యాదగా తీస్తే, దాన్ని మార్చే హక్కు నాన్నకి ఎవరిచ్చారు?"

అనేశాక తన మాటలు తనకే వినపడ్డాయి.

మేనత్త ఆమె వైపు తిరిగింది. అలా తిరగడం అరుదు. ఎప్పుడూ చెవే ఇస్తుంది, ముఖం ఇవ్వదు.

"మా అమ్మ పోయినప్పుడు ముఖం ప్రశాంతంగా ఉందన్నాడు. నువ్వు చూశావా?"

"అప్పటికి నేను ఎనిమిది నెలల పిల్లనత్తా."

"అవునవును. ఇక అది తేలేది కాదు." తల ఆడించింది. "మరి వాడి సంగతి?"

పంతులమ్మ వేలాడుతున్న పేము బద్దని చేతిలోకి తీసుకుంది.

"నిద్రలో పోయాడన్నావు. నువ్వు పుట్టి బుద్ధెరిగి అబద్ధమాడలేదు, చుట్టాలందరితో చివాట్లు తిన్నావు గాని. అందుకే నమ్మాను. ఇప్పుడు అడుగుతున్నా. నిద్రలోనేనా?"

అవునంటే చాలు. ఒక్క మాట. నాన్న అడిగింది ఆ ఒక్క మాటే. అది నిలబెడితే ఆయన మాట దక్కుతుంది, ఈమె నిబ్బరమూ దక్కుతుంది. కాని వచ్చే ఆదివారం ఈ తల ఎడమవైపు వాల్చి కూర్చున్నప్పుడు, ఆ చెవిలో తను దేన్ని ఏ మొహంతో చెబుతుంది?

"కాదత్తా," అంది. "అలా చెప్పమన్నారు."

"ఎవరు?"

"నాన్నే."

మేనత్త నోరు కొంచెం తెరుచుకుంది. నవ్వో మరొకటో తెలియని చప్పుడొకటి వచ్చింది. "పోతూ పోతూ కూడా," అంది. "వెధవ. పోతూ పోతూ కూడా మార్చాడు." రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంది. "చెప్పు. మొదటినుంచి చెప్పు. ఏదీ వదలకు. సిగరెట్టు పొగ చెప్పావే, అలా చెప్పు."

పంతులమ్మ టీవీ కట్టేసి వచ్చి ఎడమవైపు కూర్చుంది.

"మధ్యాహ్నం నాలుగు. ఎడమ పక్క కిటికీ. పరదా ఆకుపచ్చది, కింద చిరిగింది. ఎండ మంచం కాళ్ళదాకా వచ్చింది. నాన్న కూర్చునే ఉన్నాడు. పడుకుంటే ఊపిరాడ్డం లేదు. మూడు దిళ్ళు పెట్టారు. ముక్కుకి గొట్టం. చెయ్యి మంచం కడ్డీని పట్టుకుంది."

"గట్టిగానా?"

"గట్టిగా. వేళ్ళు తెల్లబడ్డాయి. నర్సు విడిపించబోతే విడవలేదు."

"భయపడ్డాడా?"

"భయపడ్డాడత్తా. చిన్నపిల్లాడిలా అటూ ఇటూ చూశాడు. నేను ఇక్కడే ఉన్నానని చెబుతూనే ఉన్నాను. నన్ను చూసి, మళ్ళీ తలుపు వైపు చూసేవాడు. ఎవరన్నా వస్తారేమోనని."

"నేను."

"నువ్వే. అక్కేదీ అని రెండుసార్లు అడిగాడు. ఇక్కడికి రానివ్వరు నాన్నా అన్నాను. సరేలే, చూడకుండా ఉండటమే మంచిదిలే అన్నాడు. అని తనే నవ్వబోయాడు. ఏమన్నాడో తనకి తట్టి. నవ్వుకి ఊపిరి చాల్లేదు. తరవాత నీకేం చెప్పాలో చెప్పాడు. ఆ తరవాత ఇక మాటల్లేవు. రెండు గంటలు పట్టింది."

మేనత్త కళ్ళు చూపు లేనివే గాని నీళ్ళు మాత్రం అందరి కళ్ళలోలాగే నిండాయి. తుడుచుకోలేదు. భుజాలు కదలడం మొదలైంది, రెండు నెలల ఆలస్యంగా. పంతులమ్మ ఆగిపోయింది.

"ఆగకు," అంది మేనత్త, ఏడుస్తూనే. "కళ్ళు?"

"తెరిచే ఉన్నాయి."

"ఎవరు మూశారు?"

"నేనే."

"ఏ చేత్తో?"

"కుడి చేత్తో."

మేనత్త చెయ్యి చాపి, గాలిలో తడుముకుని, ఆ కుడి చేతిని అందుకుంది. వేళ్ళు ఒక్కొక్కటీ తాకి చూసింది. తరవాత దాన్ని రెండు చేతుల మధ్యా పెట్టుకుని, మొత్తం మనిషి వంగిపోయి, దానిమీద తల ఆన్చింది. పంతులమ్మ ఆ చెయ్యి కదపకుండా కూర్చుంది.